పడమటి హద్దు

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదుట
జిరాక్సు షాపుకీ పుల్లట్ల బండికీ నడుమ
నాది మూడడుగుల బల్ల.
ముప్పై రెండేళ్లుగా హద్దులు రాస్తున్నాను.

తూర్పు: కడలి వారి కొబ్బరితోట.
దక్షిణం: పంటబోదె.
ఉత్తరం: పుంతదారి.
పడమర: వశిష్ఠ గోదావరి.
ఈ నాలుగింటి మధ్య గల యావత్తూ
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా...
ఆ ముక్క తీసేద్దామండీ, పేజీ మిగులుతుందంటాడు
టైపు కొట్టే కుర్రాడు.
ఉండనియ్యరా అంటాను.

కుంచం పోయి సెంటొచ్చింది
సెంటు పోయి గజం
ఇప్పుడు చదరపుటడుగు.
ముక్క చిన్నదయ్యేకొద్దీ
పక్కన సున్నాలు బలిశాయి.

గువ్వలంక విల్లాల్లో
పడమటి కిటికీ ఉంటే గజానికి నాలుగు వేలు ఎక్కువ.
అదెందుకండీ అన్నాడు గుబ్బల సత్తిరాజు.
సూర్యాస్తమయానికి, అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.
సత్తిరాజు నావైపు తిరిగాడు.
యాభై ఏళ్లు ఆ పొద్దుకెదురుగా గేదెల్ని కడిగినవాడు.
"బాబూ, నానమ్మిన ఎకరంలో
అదీ కలిపే ఇచ్చేసేనా?
కాయితం ఓసారి సూడండి."

కొన్నవాళ్లు రారు.
పవరాఫటార్నీ వస్తుంది, కాకినాడ నించి, తెల్ల కార్లో.
ఒకరిది సింగపూరు చిరునామా
ఒకరిది నేను మూడుసార్లు కొట్టేసి రాసిన ఊరు.
ఏడో నంబరు ఎవరో హెన్రిక్ గారిది.
భార్య తల్లివైపు ముమ్మిడివరమట,
ఆవిడ పేరునే రాశాను.
లండన్లో ఒకటి, దుబాయిలో రెండు ఉన్నాయిట.
ఇది వాటికి చెల్లెలు.

సాక్షి సంతకానికి రెండొందలు.
నేలపూడి సువార్త వచ్చి పెడుతుంది,
గుండ్రంగా, తొందర లేకుండా.
దుబాయిలో పదకొండేళ్లు చేసింది.
"నలభై మూడో అంతస్తండి.
ఇల్లుగలాయన ఏడాదికి ఆరు రోజులు.
మిగతా రోజులు నేనేనండి.
కొళాయిలు పట్టెయ్యకుండా పొద్దున్నే తిప్పేదాన్ని.
ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతికేదాన్ని.
సోఫాలో కూచోలేదండి, ఎవరూ వద్దనలేదు గానీ."
ఆ ఇల్లెంతమ్మా అంటే
"ఆ అంకె మన దగ్గర పలకడానికి లేదండి" అంది.

ఇప్పుడు ఏడో నంబరు తాళాలు ఆవిడ దగ్గరే.
అదే కొళాయి, అదే దుప్పటి.
"తేడా ఏముందండి, ఇక్కడికి నడిచెళ్తాను."
తానుండే రేకుల గదికి
అద్దె వెయ్యిన్నర పెరిగింది.
ఎందుకంటే ఏరియా పెరిగిందన్నాడట ఓనరు.

మొన్న వరద తీశాక కొలతకెళ్లాం.
పడమటి రాయి లేదు.
సర్వేయరు ఒడ్డున నిలబడ్డాడు,
టేపు చివర ఎర్రనీళ్లలో ఊగుతోంది.
నా రాత ప్రకారం ఇంకా పద్నాలుగు గజాలుండాలి.
"మా తాతనాడు మూడెకరాలు తినేసిందండి,"
బీడీ ముట్టించుకున్నాడు సత్తిరాజు,
"ఆయ్, రిజిస్ట్రేషనేం చేయించుకోలేదు."

కంపెనీకి ఫోన్ చేశాను.
నది దగ్గరికొస్తే మంచిదే కదండీ,
నీటి వరసకి రేటు పెంచుతున్నాం అన్నారు.

సాయంత్రం మరో దస్తావేజు.
తూర్పు మారింది, తోట కొట్టేశారు.
దక్షిణం మారింది, బోదె పూడ్చేశారు.
పుంతకి ఏదో ఎవెన్యూ అని పేరెట్టారు.
పడమర దగ్గర కలం ఆగింది.
అక్కడ దిద్దడానికేం లేదు.
అదెంత లోపలికొచ్చినా
మాట అదే.

పొద్దున సంతకానికొచ్చి చెప్పింది సువార్త:
ఏడో నంబర్లో కొళాయి తిప్పితే
ఎర్రగా వచ్చాయిట.
తెల్లబడేదాకా వదిలేసి
పక్కనే నిలబడిందిట,
చాలాసేపు.