ఉప్పు ఇంకొంచెం

శనివారం నాలుగింటికి వేళచ్చేరిలో రైలెక్కాం.
నీళ్ళ సీసా, పాత దుప్పటి,
అంచు విరిగిన ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు.
చపాలా సరస్సు ఒడ్డున కొన్నది అది,
పారెయ్యమంటే ఇద్దరూ ఏడ్చారని
సూట్‌కేసులో నా చీరల మధ్య కూర్చుని వచ్చింది.

కిటికీ పక్కన ఎవరన్న తగవు
తెలుగులో మొదలై స్పానిష్‌లో ముదిరింది.
కోపం వాళ్ళకి ఆ భాషలోనే వస్తుంది.
ఆకలి మాత్రం తెలుగులో.

ఎదుటి సీట్లో మునగకాడల సంచీతో ఒకావిడ
ఏ ఊరు మీదని అరవంలో అడిగింది.
"సూళ్ళూరుపేట" అన్నాను నేను.
"వేళచ్చేరి" అన్నారు ఈయన, ఆధార్ కార్డు చూపిస్తున్నట్టు.
చిన్నాడు తలెత్తకుండా "గ్వాదలహారా" అన్నాడు.
ఆవిడ మునగకాడలు సర్దుకుంటూ
"తిరునల్వేలి పక్కనా?" అంది.

కొట్టూర్‌పురం దాటి రైలు అడయారు నది మీదికొచ్చినప్పుడు
ప్రణిధి తమ్ముడి చెవిలో చెప్పింది, స్పానిష్‌లో:
ఇంటికి వెళ్ళిపోవాలనుందని అమ్మతో అనకు.
నేను నదిని చూశాను.
నది నల్లగా ఉంది, దాని మీద ఒక కొంగ ఉంది,
ఆ కొంగనే చూశాను చాలాసేపు.

నాకు ఆ భాష రాదనుకుంటుంది పిల్ల.
మూడేళ్ళు కూరల కొట్లో దానిచేతే బేరమాడించాను మరి.
అది బడికి వెళ్ళాక
కింది వాటా దోన్యా ఒఫేలియా
నాగజెముడు మట్టల ముళ్ళు గీకుతూ
(మా ఊళ్ళో కంచె అది, వాళ్ళింట్లో వేపుడు)
ఒక్కో ముల్లుకి ఒక్కో మాట నేర్పిందని
దానికేం తెలుసు.

లైట్‌హౌస్ స్టేషన్ దిగి ఇసుకలో నడిచాం.
ఎంత నడిచినా దగ్గరికి రాదు మెరీనాలో సముద్రం.
చివరికి చిన్నాడు బకెట్టు ఎత్తి
"ఓలా! ఓలా!" అని నీళ్ళలోకి అరిచాడు.
ఈయన జేబులోంచి ఫోన్ తీశారు:
"బుక్ చేసిందెవరు? ఇప్పుడేగా వచ్చాం!"
"అల నాన్నా, అల. అక్కడ దాన్ని ఓల అంటారు" అంది ప్రణిధి.
"అలై" అని సరిదిద్దాడు
బెలూన్లకి తుపాకీ గురిపెట్టించే అబ్బాయి.
అల, అలై, ఓల.
చుట్టాలనుకున్నాను ఒక్క క్షణం.
కాదు. పక్కపక్క వాటాల్లో
అద్దెకున్నవాళ్ళు, పోలికలు వచ్చేశాయంతే.

మామిడికాయల బండి దగ్గర ఆగాం.
కిళిమూకు కాయ, పువ్వులా కోసి
రేకుల మధ్య ఉప్పూ కారం.

చపాలాలో ఒక ఆదివారం
పుల్లకి గుచ్చిన మామిడి మీద
కారం చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చారు.
"ఇది మెరీనా" అన్నాను ఒక్క ముక్క తిని.
కళ్ళనీళ్ళొస్తే కారమనుకున్నారు అందరూ,
ఎవరో మంచినీళ్ళు కూడా తెచ్చారు.

ఇవాళ చిన్నాడు మొదటి రేకు కొరికి
కళ్ళు గట్టిగా మూసి తెరిచి
"అమ్మా, ఇది చపాలా!" అన్నాడు.

కాదురా, అని నోటిదాకా వచ్చింది.
ముందిది, తర్వాతది, అని చెప్పబోయాను.
కానీ వాడికి అదే ముందు.
వాడి నాలుక మీద ఆ సరస్సు
ఈ సముద్రం కన్నా పెద్దది.

ఏం చెయ్యాలో తెలీక
బండివాడి వైపు కాయ చాపి
"మాస్ సాల్" అన్నాను.
అరవం వచ్చు నాకు, పుట్టింటి నుంచీ వచ్చు.
అయినా అదే వచ్చింది నోటికి.
"మాసా!" అని నవ్వి
రెండు చిటికెలు ఎక్కువే వేశాడతను.

ప్రణిధి నమలడం ఆపింది.
నావైపు చూసింది,
రైల్లో అన్నదొక్కటే కాదు,
మూడేళ్ళుగా అన్నవన్నీ
వెనక్కి తవ్వుకుంటూ పోతున్నట్టు.

నేను కాగితం పొట్లం దానివైపు జరిపాను.
కారం ఎక్కువున్న ముక్క వెతికి
అదే తీసుకుంది.