రెండో పేజీ

వేళచ్చేరి స్టేషన్ కింద జిరాక్స్ కొట్లో
పేజీకి రెండు రూపాయలిచ్చి తీయించిన దరఖాస్తు మీద
హేమలత మేడమ్ ఎర్ర పెన్ను పెట్టారు.
"వుయ్" ఉన్న చోటల్లా సున్నా చుట్టారు.
పద్దెనిమిది సున్నాలు.
"వాళ్ళకి కావలసింది నువ్వు, నీ గుంపు కాదు."

నెదర్లాండ్స్‌లో రెండేళ్ళ పోస్ట్‌డాక్ అది.
సముద్రం కన్నా కిందున్న దేశం,
ఉప్పునీళ్ళ సంగతి నాకంటే వాళ్ళకే తెలియాలి.
అయినా అడిగారు:
ఐదేళ్ళ తర్వాత మీరెక్కడుంటారు?
ఈ గదికి జూన్ దాకా అద్దె కట్టానని రాయబోయి ఆగాను.

మూడు నెలలుగా నేర్చుకుంటున్నాను,
నాలుగేళ్ళ పనిని మూడు నిమిషాల్లో చెప్పడం,
స్లైడుకి ఒక్క బొమ్మతో సరిపెట్టుకోవడం,
తెలియని ప్రశ్నకి నవ్వకుండా తెలియదనడం.
ఇదే కష్టం.
బళ్ళో తెలియదంటే బెంచీ ఎక్కించేవాళ్ళు,
ఎక్కి నవ్వడం అలవాటైపోయింది.
"చింతిస్తున్నాం" అని వచ్చే ఉత్తరాలకి ఒక ఫోల్డరుంది.
దాని పేరు ఇతరాలు.

ఇక మిగిలింది "నేను".
తిరువాన్మియూర్‌లో నలభై ఒక్క బోర్ల నీళ్ళు నేను కొలిచాను.
రాసి చదువుకున్నాను.
ఇస్త్రీ చొక్కాలా నిటారుగా ఉంది వాక్యం.
లోపల ఎవరో కదిలారు.

ట్యాంకర్ల ధనకోటి.
గుమ్మిడిపూండి వైపు తెలుగు,
రొంబ, శానా రెండూ ఒకే మాటలో పడేసేవాడు.
తెల్లారి నాలుగింటికి, అపార్ట్‌మెంట్ల మోటార్లు తిరక్కముందే
వాచ్‌మన్లని లేపి గేట్లు తీయించేవాడు.
నా మీటరు బ్యాటరీ చచ్చిన రోజు
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని
"పోయిన వారం కన్నా ఉప్పమ్మా" అన్నాడు.
మర్నాడు మీటరూ అదే అంది.
ఆ అంకె నాలుగో పటంలో ఉంది.
ఆ నాలిక ఎక్కడా లేదు.

ఇంగ్లీషుకి ఒక్క "వుయ్" చాలు, మనకి చాలదు.
ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం,
గడప బయట నిలబెడితే మేము.
ఒక్కో సున్నాలోకీ తొంగిచూశాను.
పదకొండింట్లో మేడమూ నేనూ,
తన వాటా తనే కొట్టేసుకున్నారావిడ, నా కోసం.
నాలుగింట్లో నిజంగా నేనే, భయపడి దాక్కున్నాను.
వాటిని దిద్దుతుంటే చెవులు వేడెక్కాయి.
మూడింట్లో ధనకోటి.

సాయంత్రం ఫోన్ చేసి ఇనిషియల్ అడిగాను.
"దేనికమ్మా, కేసా?"
కాదు, నా పని కాగితంలో నీ పేరు వెయ్యాలి.
కాసేపు ఇంజిను చప్పుడే వినిపించింది.
"కె. మా నాయన కన్నియప్ప.
రేషన్ కార్డులో ఉన్నట్టు వెయ్యి, ఆధార్‌లో తప్పు."

రెండు పేజీలు దాటకూడదన్నారు.
ఆ పేరుకి ఒక పంక్తి కావాలి.
ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటానో చెప్పిన పంక్తి తీసేశాను.

గడువు అక్కడి అర్ధరాత్రి,
ఇక్కడ మూడున్నర.
పంపేశాక నిద్ర రాలేదు.
ఇంకో అరగంటలో మోటార్లు.