గోరంత ఎడం

శనివారం, షాపు మూసే వేళకి
మెరెరిద్ ఒక అట్ట గొట్టం తెచ్చింది, లోపల చుట్టిన ఫోటో.
నాలుగు మూలలా నాలుగు పలక ముక్కలు బరువు పెడితే గాని
అది బల్ల మీద పడుకోలేదు.

జనవరి. నాంట్ గారెగోగ్.
రాళ్ల వాగు అని అర్థం. అంతకు మించి
పేరు పెట్టే తీరిక మా పెద్దలకి లేకపోయింది.
గట్టు నిండా తుప్పు రంగులో ఎండిన ఫెర్న్,
రాళ్లకి నీడపక్క మాత్రం కరగని మంచు,
ఆకు లేని ఒక్క రోవన్ చెట్టు,
మధ్యలో నీళ్లు.
నీళ్లు కావు, దువ్విన ఉన్ని.
రాతి నుంచి రాతికి జారుతూ జారని తెలుపు.
"ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాను" అంది
తలుపు సంగతి చెప్తున్నట్టు.

నేను ఆ ఒడ్డునే పెరిగాను.
ఎనిమిది సెకన్లలో వాగు ఎంత వాగుతుందో నాకు తెలుసు.
అవతలి గట్టు నుంచి అమ్మ పిలిస్తే
పెదాలు చూసి పోల్చుకోవాల్సిందే,
తిండికా, గొర్రెలకా అని.
ఫోటోలో ఆ నోరు ఎవరో మూశారు.

మౌంటు ఏ రంగు, అని అడిగాను.
మా భాషలో కొండ గడ్డికీ, ఆకాశానికీ,
బూడిద గుర్రానికీ రంగు పేరు ఒకటే.
"ఆ రంగే" అంది.
ఇద్దరం అర్థమైనట్టు తలలూపాం.
వెళ్తూ వెళ్తూ కుడి అంచు మీద వేలు పెట్టింది:
"ఇక్కడ మరక పడింది. కప్పెయ్."

మరకే. రాయి మీద పొగలాంటిది,
పైన మట్టిరంగు, కింద కొంచెం తెలుపు,
దానిలోంచి వెనక రాయి నాచుతో సహా కనిపిస్తోంది.
కత్తికి కొత్త బ్లేడు వేశాను.
ఐదు మిల్లీమీటర్లు చాలు. స్కేలు ఆనించాను.

అప్పుడు వచ్చాడు ఇద్వల్,
పోయిన కుక్క ఫోటోకి గాజు పగిలిందని.
క్వారీ పేలుళ్లు ఆయన చెవుల్ని
ఎప్పుడో జీతంలో కోసుకున్నాయి.
కళ్లజోడు నుదుటికెత్తి, ముక్కు తగిలేంతగా వంగి
నా బల్ల మీద ఫోటోని చాలాసేపు చూశాడు.
నీళ్ల గురించి ఏమంటాడోనని కాచుకున్నాను.
ఏమీ అనలేదు. ఆయనకి ఆ వాగు
నలభై ఏళ్లుగా ఇలాగే ఉండి ఉంటుంది.

మరక మీద వేలు పెట్టి,
"బ్రోన్వెన్" అన్నాడు.
నీటి తెల్లరొమ్ము పిట్ట.
"మూడు సెకన్లు ఉంది. తర్వాత మునిగింది."

మూడని ఎలా తెలుసు, అని అరిచి అడిగాను.
కౌంటర్ పట్టుకుని, ఎనభై రెండేళ్ల మోకాళ్లు
టకటకమంటుండగా
వంగాడు, లేచాడు, వంగాడు, లేచాడు, వంగాడు.
"సెకనుకొక్కసారి. ఆపైన నీళ్లలోకి.
అడుగున నడుస్తుంది, రాళ్లు పట్టుకుని.
చలికాలంలో కూడా" అని, కొంచెం ఆగి,
"చలికాలంలోనే చూడాలి."

కుక్కకి గాజు మార్చాను. డబ్బు వద్దన్నాను.
దాని పేరు అడగలేదు.
అడిగితే చెప్తాడు, చెప్తే చీకటి పడుతుంది.

ఆయన వెళ్లాక ఫోటోని దీపం దగ్గరికి లాగాను.
మూడు సెకన్లు పిట్ట,
ఐదు సెకన్లు ఖాళీ రాయి,
ఒకే చోట, ఒకదాని మీద ఒకటి.
ఉండటం పలచగా, పోవటం చిక్కగా.
ఆ దువ్విన తెలుపు కింద ఎక్కడో
ఊపిరి బిగబట్టి
అది ఇంకా నడుస్తూనే ఉండాలి.

కోసే చోటు గోరంత అవతలికి జరిపాను.

మంగళవారం మెరెరిద్ వచ్చింది. చూసింది.
"మరక?"
"స్కేలు జారింది" అన్నాను.
డబ్బు తగ్గించమంటుందనుకున్నాను.
తల పక్కకి వాల్చి చూసింది, ఇంకోపక్కకి వాల్చింది.
బయట వాన.
గోధుమరంగు కాగితం రెండు పొరలు చుట్టి
దారం కట్టి చేతికిచ్చాను.
ఫ్రేము చంకలో, గొడుగు విప్పుకోవడానికి తంటాలు పడుతూ
భుజంతో తలుపు తెరిచి పట్టుకుంది.
ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు.
వీధిలో పరుగెత్తే నీళ్ల చప్పుడంతా
లోపలికి వచ్చింది.