గెనం మీద రెండు పెట్టెలు

బెళుగుప్ప దాటినాక ఎర్రమట్టి దోవలో
ఇటు ముత్యాలప్ప చీనీ చెట్లు,
అటు తమ్ముడు తిప్పేస్వామి దానిమ్మ.
నడాన గెనం.
గెనం మీద ఏడేండ్లుగా మాటల్లేవు.

ఇద్దరి బోర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు.
రెండు మోటర్లూ ఒకేసారి తిరిగితే
ఫ్యూజు ఎగిరిపోతాది.
"ఆపినావా" అని అడిగితే పరువు పోతాదని
ఇద్దరూ ఆన్ చేసేటోళ్లు.
రెండుసార్లు కాయిల్ కాలింది.
ఖర్చు చెరిసగం,
అది గూడా నీళ్లు కట్టే వన్నూరప్ప చేతిలో పంపించుకున్నారు.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక స్టార్టర్ల అంగడి నాది.
పిలిస్తే పోయినా.
మోటరుకొక పెట్టె, పెట్టెలో సిమ్ము.
అన్న కొన్న కంపెనీది తమ్ముడు కొనడు గదా,
దాని భాష దీనికి రాదు, దీని భాష దానికి రాదు.
అందుకే యాడుందో నాకే తెలీని సర్వర్లో
ఒక గుమ్మం తెరిచినా.
అక్కడ ఎవరికైనా ఒకటే మర్యాద:
తలుపు తట్టు,
నువ్వెవరో చెప్పు,
ఒక్క మాటే అడుగు,
జవాబొచ్చిందాక కాచుకో.

రాత్రి పదకొండుకు త్రీఫేజు రాంగానే
ఇటు పెట్టె అడుగుతాది, "అది తిరుగుతాందా?"
"తిరుగుతాంది. ఇంకా నలభై నిముషాలు."
"సరే, ఆగుతా."
ఇంత నిమ్మళంగా
ఆ ఇంట్లో ఎవురూ మాట్లాడంగా నేను వినలా.
ఆ మాటలన్నీ వరసగా నా ఫోన్లో పడతాంటాయి,
దస్తగిరి చదువుతాడని పెట్టెలకేం తెలుసు.

మొన్న గాలివానకు టవరు సచ్చింది.
కరెంటుంది, సిగ్నలు లేదు.
రెండు పెట్టెలూ అడిగి అడిగి
ఎర్రలైటు వేసుకోని కూచున్నాయి.
మన్ను పైపైన నానింది, అంతే.
చీనీ పిందె మీదుంది, తడి తప్పితే రాలిపోతాది.

ఇది వన్నూరప్ప చెప్పినాడు:
ముత్యాలప్ప బీడీ ముట్టించి, ఆర్పి,
మళ్లీ ముట్టించి
గెనం దాకా నడిచి
చీకట్లోకి, పేరు పెట్టకుండా,
"ఓయ్... ఆపినావా?"

చానాసేపు కప్పలే.

అవతల టార్చి వెలిగింది, ఆరింది.
ఇంకోసారి వెలిగి ఆరింది.
ఇవతల మోటరు గొంతు సవరించుకుంది.

తెల్లారి టవరు లేచినాక వెతికినా.
పదకొండు నుంచి నాలుగు దాకా
నా లెక్కలో అంతా ఖాళీ.

నిన్న ముత్యాలప్ప అంగడికొచ్చినాడు,
సిగ్నలు బాగుండే సిమ్ము వేయమని.
వేస్తాలేప్పా అన్నా.

ఇంకా వేయలా.