బొబ్బ

రంగంటే మీకు కంటితోని చూసేది.
మాకు మైక్రాన్ల లెక్క.
జింకు డెబ్బై ఐదు, దాని మీద ఎపాక్సీ నూట యాభై,
ఆఖరుకు తెల్లది అరవై.
మూడూ కలిపినా
జొన్నరొట్టె పొంగినప్పుడు లేచే పైపొర కన్నా పలుచన.

జుబైల్ల రాత్రిపూట ఇనుముకు చెమట పడ్తది.
సముద్రం ఉప్పు మోసుకొచ్చి
అడగకున్నా రేకు మీద పెట్టి పోతది.
ఇన్‌స్పెక్టర్ రోమెల్
తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ గిరగిర తిప్పి,
పట్టిక చూసి, తల అడ్డంగ ఊపితే
నలభై మందిమి డబ్బాల మీద కూసుంటం.
కలిపిన రంగు మాత్రం మా తీరు కూసోదు.
మూడు గంటలు దాని ఆయుష్షు, గీ ఉడుకుల రెండే.
తర్వాత కట్టెతోని కొడితే టంగుమంటది.

ఏడేండ్ల కింద, ఆగస్టు.
పన్నెండు నుంచి మూడు దాక ఎండకు పని బంద్.
4107 ట్యాంకు నీడల పండుకున్నం.
ఫోన్ల మా బామ్మర్ది:
"ఆడపిల్ల బావా. మూడు కిలోలు.
రేవతి నాలుగో పాదమట, చి అక్షరం వచ్చింది.
పేరు ఆలోచించు."

పేరు నాకు ట్యాంకు నీడల ఏడ దొరుకుతది?
అక్షరమైతే దొరికింది కద అని
వెల్డర్ మొఫిజుల్ దగ్గర
పసుపుపచ్చ మైనపు కడ్డీ అడుక్కొని
మూడో వరుస రేకు మీద, అతుకు పక్కన,
బూడిదరంగు జింకు మీద
అరచెయ్యంత రాసిన:
చి.

పోశెట్టి స్కాఫోల్డ్ మీది నుంచి చూసి
"కంపెనీని ఛీ అంటున్నవేందిరా,
జీతం రాలేదనా?"
కడుపు నొచ్చేదాక నవ్వినం.
రెండు నెలల జీతం నిజంగనే రాలేదు.

మూడు దాటినంక ఎపాక్సీ కొట్టిన,
నా గన్నుతోనే.
రాత్రి మళ్ల ఫోన్.
పంతులు పాదాలు ఆఖరి నుంచి లెక్కవెట్టిండట.
మొదటి పాదం. దే.
పిల్ల దేదీప్య అయింది.
చి ఎవరిదీ కాకుండ
తెల్లరంగు కింద ఉండిపోయింది.

మొన్న షట్‌డౌన్‌కు
వేరే కంపెనీ టోపీ పెట్టుకొని
అదే ట్యాంకు కాడికి వచ్చిన.
అంత మంచిగుంది. మూడో వరుసల ఒక్క కాడ బొబ్బ,
కొత్త షూ కరిస్తే మడిమె మీద లేస్తది సూడు,
అసొంటిది.
కొత్త ఇన్‌స్పెక్టర్ పిలగాడు గోటితోని తట్టి
"కింద ఏదో ఉండె. నూనెనో, చెమటనో.
ఎవడో సక్కగ తుడవలే" అన్నడు.
"అయ్యుంటది సార్" అన్న.
చేతిముద్ర పడ్డా రంగు పట్టదు,
తెల్లగుడ్డ మాసిపోకుండ వచ్చేదాక తుడువుర్రి అని
కొత్తోళ్లకు ఇరవై ఏండ్ల సంది చెప్తున్నది నేనే.

కత్తి పెట్టి లేపిన.
పెంకు ఒక్క తునకగ వచ్చింది.
లోపలి దిక్కు, అద్దంల చూసినట్టు తిరగబడి,
పసుపుపచ్చగ అక్షరం.
ఎండ తాకలేదు కద,
పొద్దుగాల రాసినట్టుంది.
గ్లౌజుల దాచిన.

తర్వాత గ్రైండర్, థిన్నర్, తెల్లగుడ్డ.
గుడ్డ మాసిపోకుండ వచ్చింది.
జింకు, ఎపాక్సీ, తెల్లది.
గేజీ రెండు వందల తొంభై చూపించింది.
పిలగాడు టిక్కు కొట్టిండు.

క్యాంపుల ఫోటో తీసి పోశెట్టికి పంపిన.
ఇప్పుడు ఆర్మూర్ల ఆటో నడుపుతుండు.
ఒక్క అక్షరమే జవాబు వచ్చింది,
ఈసారి ఒత్తు పెట్టి, దీర్ఘం తీసి.

వీడియోల బిడ్డకు చూపించిన.
రెండో తరగతి. అక్షరాలన్నీ వచ్చు.
"ఎవలు రాసిండ్రు బాపూ? అంత ఉల్టా ఉంది,
మా టీచరైతే గుండు సున్నా ఏస్తది."
"అవునే" అన్న.

తునక అంచు బ్లేడు తీరుగ ఉంది.
అంగీల చుట్టి పెట్టె అడుగున పెట్టిన.
పొద్దుగాల నాలుగింటికి బస్సు.