తరుగు

నలభై ఏండ్లు ఎనుమాముల యార్డుల
దడ్వాయి పని.
కాంట ముల్లు ఆగేదాక
ఊపిరి బిగబట్టుడు నాకు మిర్చి బస్తాలే నేర్పినయి.

ఇప్పుడు హన్మకొండ చౌరస్తా సందుల
రెండో అంతస్తు మీద
ఒక పిలగాడు నా నెత్తురు తూస్తున్నడు.
కాగితం మీద దాని పేరు సీఏ పంతొమ్మిది తొమ్మిది.

ఆపరేషన్‌కు ముందు ఎనిమిది వందల పన్నెండు.
పాంక్రియాస్ తలకాయ, పైత్యపు తిత్తి, జానెడు పేగు
తీసేసినంక
నలభై ఒకటి.
మా ఇంటిది ఆ కాగితాన్ని
పట్టా పాసుబుక్కు లెక్క బియ్యం డబ్బాల దాచింది.

మూడు నెలలకు తొంభై ఆరు.

"ఒక్క అంకెకే ధర కట్టకు ఓదెలూ,
పైత్యం దారి మూసుకున్నా పెరుగుతది,
కొందరికి రోగమున్నా నెత్తురుల కనబడనే కనబడది.
నెల ఆగి మల్ల చూద్దాం" అన్నది డాక్టరమ్మ.

ఎరుకే.
తేమ బస్తా వస్తే నేనూ గట్లనే అనేటోణ్ణి,
ఎండబోసి తేపో, మల్ల తూద్దామని.
రైతు ముల్లును చూడకపోయేది,
నా మొఖం చూసేది.

నేనూ ఆమె మొఖమే చూసిన.
కండ్లద్దాలు తుడుచుకుంటున్నది.

వర్ధన్నపేట ముసలామె ఒకామె,
పేరు యాదికి లేదు,
ఆమె బస్తాకు రెండు కిలోల తరుగు ఎక్కువ రాసిన, ఒక్కపారి.
రాత్రి కుట్లు గుంజినప్పుడల్లా
ఆ రెండు కిలోలే.

నెల తిరిగింది.
రబ్బరు కట్టి పిడికిలి బిగించుమన్నడు.
"ఉన్నదున్నట్టు రాయి బిడ్డా" అన్న.
"మిషిన్ రాస్తది తాతా" అన్నడు,
దూది అదుముకుంట.