నలభై సెకన్లు

నారిన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి రెండో అంతస్తులో
హీటరు సగమే పనిచేస్తుంది.
బల్ల మీద నాలుగు పాత రౌటర్లు,
బిష్కెక్‌లో ఏదో బ్యాంకు వదిలించుకున్నవి.
ఒకదాని పంకాకి గొంతు బొంగురు,
దాన్ని తాత అంటున్నాం.

పాఠం చెప్పే సల్కిన్‌కి ఇరవై నాలుగేళ్లు.
నాకు యాభై ఆరు.
ఇదే గదిలో పందొమ్మిదేళ్లు
చెవిన ఫోను తగిలించుకుని, చేత్తో తీగలు మారుస్తూ
ఎవరి గొంతు ఎవరి చెవికి చేరాలో చూసుకున్నదాన్ని.
ఆ బల్ల ఇప్పుడు లేదు.
గోడ మీద అది ఉన్నంత మేర
రంగు వేయని చదరం ఉంది.

"పుస్తకం మూసెయ్యండి బురుల్ అక్కా,
చేయి కాలితేనే తెలుస్తుంది," అంది మొదటి రోజే.
మొదటి కమాండు తప్పు కొట్టాను.
రెండోదీ తప్పే.
మూడోసారి తెర మీద ఒక్క వరస:
పొరుగు దొరికింది.
సగం హీటరు గదిలో
నాకు చెమట పట్టింది.

ఈ పెట్టెలు పది సెకన్లకోసారి పలకరించుకుంటాయి.
కబుర్లేమీ ఉండవు.
ఉన్నావా, ఉన్నాను.
నలభై సెకన్లు పలకరింపు రాకపోతే
పోయాడని రాసేసుకుంటాయి.
ఏడవవు.
ఇంకో దారి లెక్క కట్టుకుంటాయి,
దోలోన్ కనుమ మంచుకి మూసుకుంటే
డ్రైవర్లు చేసినట్టే.

సల్కిన్ పీకమంటే తీగ పీకాను.
మధ్యలో స్విచ్చి ఉంది కదా,
అవతలి పెట్టెకి తెగిన సంగతి తెలియదు.
దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది.
పదకొండు, పన్నెండు, ఎర్మెక్ పైకే లెక్కపెడుతున్నాడు.
ఇరవై తొమ్మిది.
లేని మనిషి కోసం ఎదురుచూడటం ఇలా ఉంటుందని
ఇంతకుముందు ఎప్పుడూ
బయట నిలబడి చూడలేదు.

గురువారం పెద్ద పాఠం,
ఊళ్లు ఊళ్లతో, దేశాలు దేశాలతో దారులు చెప్పుకునే పాఠం.
కరెంటు మీటర్లు చూసే ఎర్మెక్
ఒక్క వరస పొరపాటు కొట్టాడు.
లోకంలో ఏ ఊరికైనా దారి నా దగ్గరే ఉంది,
అన్నాడన్నమాట అతని రౌటరు.
మిగతావన్నీ నమ్మేశాయి.
అందరి మూటలూ వచ్చి అతని గుమ్మంలో పడ్డాయి,
తాత ఒకటే రొద.
మేం కడుపు పట్టుకు నవ్వాం.
సల్కిన్ నవ్వలేదు.
"నమ్మే ముందు జల్లెడ పట్టండి," అంది.

ఆ మీదట ఇంకోటి చెప్పింది.
ప్రతి కబురూ తాను నడిచొచ్చిన ఊళ్లన్నీ
వీపు మీద రాసుకుని వస్తుందట.
ఆ వరసలో తన నంబరు కనిపిస్తే
రౌటరు వద్దంటుంది:
ఇది నా గుమ్మం దాటి వెళ్లిందే, తిరిగొచ్చింది.

నా చేతిలో టీ చల్లారిపోయింది.

తొక్తోబుబుకి
తాష్కెంట్ నుంచి ఫోనొచ్చిన సంగతి
బజారంతా పాకినప్పుడు
మా కబుర్లకి వీపు మీద రాత ఉండేది కాదు.
విన్నది నేనే కాబట్టి
చెప్పిందీ నేనే అనుకుంది.
చెప్పలేదు.
మా అక్కతో తప్ప.
ఒక్కరితోనే కదా అనుకున్నాను,
జల్లెడ అవసరమనుకోలేదు.

మా ఇళ్లకి గోడ ఒక్కటే.
ఆమె బొగ్గు పార చప్పుడు వినిపిస్తుంది,
దగ్గు వినిపిస్తుంది.
పచ్చదీపం వెలుగుతూనే ఉంది పదకొండేళ్లుగా.

శుక్రవారం క్లాసయ్యాక
మిగిలిన బోర్సోకులు కాగితంలో చుట్టుకుని
మా గుమ్మం దాటి ఇంకో ఏడు అడుగులు వేశాను.
తలుపు కొట్టాను.
మంచు పడుతోంది.
ఒకటి, రెండు.
ఇరవై దాటేసరికి వెళ్లిపోదామనిపించింది,
కాని లెక్క లెక్కే.
ముప్ఫై మూడు దగ్గర
లోపల చెప్పులు ఈడ్చిన చప్పుడు.

"ఎవరు?" అంది.

దానికి ఏ కమాండు కొట్టాలో
సల్కిన్ ఇంకా చెప్పలేదు.